ఇరవై అయిదు గుర్రాల సరదా

ఢిల్లీ చుట్టుపక్కల మంచు కురవదు. సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రం రికార్డుల్లో అన్నిటికంటే చల్లని రోజు 1935 జనవరి 16. ఆనాటి కనిష్ఠం మైనస్ 0.6 డిగ్రీలు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఈ ప్రాంతానికి దక్కేది రైళ్లనీ విమానాలనీ ఆపేసే పొగమంచు మాత్రమే. 2019 ఫిబ్రవరి 7న నోయిడాలో వడగళ్లు దండిగా పడి వీధులు తెల్లబడితే, జనం కాశ్మీరే ఇంటికొచ్చిందని మురిసిపోయి ఫోటోలు దిగారు. ఆ ముచ్చట కాస్తసేపట్లోనే కరిగి నీరైంది.

ట్రాక్టర్ల విషయంలో మాత్రం ఈ రాజధాని ప్రాంతపు (ఎన్‌సీఆర్) చరిత్ర చిన్నది కాదు. మన దేశంలో తయారైన తొలి ట్రాక్టర్‌ను ఐషర్ సంస్థ 1959లో ఫరీదాబాద్ నుంచే బయటికి తెచ్చింది. అదే ఊళ్లో ఎస్కార్ట్స్ కంపెనీ తర్వాత ఫోర్డ్‌తో చేతులు కలిపింది. 2022లో జపాన్ కుబోటా చేతికొచ్చి ఎస్కార్ట్స్ కుబోటాగా పేరు మార్చుకుంది. ఆ కుబోటాయే 1969లో ఎల్200 అనే చిన్న ట్రాక్టర్‌తో అమెరికాలో అడుగుపెట్టి, దొడ్డీ వాకిలీ ఉన్న ఇళ్లవాళ్లకు ట్రాక్టర్ రుచి చూపించింది.

అలాంటి ఫరీదాబాద్‌లో ఒక ఇంటి మేడ మీద, జనవరి ఎండలో వేరుశనగలు వలుచుకుంటూ బావా బావమరుదులు వాదనకు దిగారు. బావగారు ట్రాక్టర్ కంపెనీలకు పిన్నులు, బోల్టులు చేసి ఇచ్చే చిన్న కార్ఖానా నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. బావమరిది న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో ఊరి చివర రెండెకరాల స్థలంలో కాపురముంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంటి ముందు కంకర దారిలో మంచు తోయడానికి 25 హెచ్‌పీ కాంపాక్ట్ ట్రాక్టర్ కొన్నాడు. అంతటితో ఊరుకుంటే గొడవ లేకపోను. ఆ పని తనకు భలే సరదాగా ఉంటుందని చెప్పాడు.

"మంచు ఎత్తడం సరదా ఏమిట్రా?" అన్నారు బావగారు. "అవసరమైతే అవసరమని చెప్పు, ఒప్పుకుంటాను. సరదా అయితే సరదా అను, నవ్వుకుంటాను. రెండూ కలిపి చెబితే నమ్మను. పాతిక వేల డాలర్లు పోసిన బండి ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తుంది? మన ఊళ్లో ఒక్క ట్రాక్టర్ తొలకరికి దుక్కి దున్ని, నాట్లకు దమ్ము చేసి, ట్రక్కు తగిలిస్తే ధాన్యం తోలి, మధ్యలో ఇసుక, ఇటుక, పెళ్లివారి సామాను మోసి, కిస్తీ కట్టుకుని, యజమానికి నాలుగు రూపాయలు మిగులుస్తుంది. నీది వాకిట్లో తిరిగే ఏనుగు."

"ముందు అవసరం సంగతి తేల్చుకుందాం బావా" అన్నాడు బావమరిది. "మా పక్కన ఈరీ సరస్సు ఉంది. చలికాలం మొదట్లో దాని నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. కెనడా వైపు నుంచి వచ్చే పొడి చలిగాలి ఆ నీటి మీదుగా సాగి, తేమ పీల్చుకుని, ఒడ్డు చేరగానే మంచుగా దింపేస్తుంది. సన్నని పట్టీలా పడుతుంది. మాకు నడుములోతు ఉంటే అవతలి ఊళ్లో ఎండ కాస్తుంటుంది. 2022 నవంబరులో మా దగ్గరి ఆర్చర్డ్ పార్క్‌లో ఒక్క తుఫానుకు 80 అంగుళాలు పడింది. రెండు మీటర్లు! మర్నెల క్రిస్మస్ తుఫానులో మా కౌంటీలోనే 40 మందికి పైగా పోయారు."

"అది తుఫాను. మామూలు రోజు మాట చెప్పు."

"చెప్తా, మీరే లెక్క కట్టండి. మా దారి పొడవు 60 మీటర్లు, వెడల్పు 4. రాత్రి ఒక అడుగు మంచు పడిందంటే 70 ఘనపు మీటర్లకు పైమాటే. అప్పుడే పడిన మెత్తటి మంచు ఘనపు మీటరుకు వంద కిలోలనుకున్నా, ఏడు టన్నులు. తడి మంచయితే దానికి రెండు మూడింతలు. ఆఫీసుకు వెళ్లే ముందు పారతో ఏడు టన్నులు ఎత్తి పక్కన పొయ్యాలి."

బావగారు వేరుశనగ పొట్టు ఊదేశారు. "మనిషిని పెట్టుకో. కాంట్రాక్టరు ఉంటాడుగా."

"ఉంటాడు. పికప్‌కు ప్లౌ బిగించుకుని వస్తాడు. సీజనుకింత అని మాట్లాడుకుంటాం. కానీ అతని చిట్టాలో నాలాంటి ఇళ్లు నలభై ఉంటాయి. మంచు అందరి వాకిట్లో ఒకే రాత్రి పడుతుంది. నా వంతు ఉదయం అయిదుకు రావచ్చు, మధ్యాహ్నం రెండుకు రావచ్చు. ఈలోగా మున్సిపాలిటీ బండి రోడ్డు తుడుచుకుంటూ పోయి, నా గేటు దగ్గర మోకాలెత్తు గట్టు వదిలిపోతుంది. రోడ్డు మీది ఉప్పూ బురదా కలిసిన గట్టు. గంట ఆలస్యం చేస్తే రాయే. పారతో దాన్ని కొట్టడానికి దిగి గుండె పట్టుకున్నవాళ్లున్నారు. 1990 నుంచి 2006 దాకా అమెరికా ఆసుపత్రుల లెక్కలు తీస్తే, మంచు ఎత్తుతూ ఏడాదికి సగటున 11,500 మంది గాయాలతోనో జబ్బుతోనో అత్యవసర విభాగాలకు వచ్చారని, వంద మంది దాకా చనిపోయారని తేలింది. పోయినవాళ్లందరినీ బలిగొన్నది గుండె సంబంధమైన జబ్బే."

"సరే, అవసరం అని రాసుకున్నాను" అన్నారు బావగారు. "ఇక సరదా ఎక్కడిది?"

ఇక్కడ బావమరిది గొంతు మారింది. తెల్లవారక ముందే ఇంజన్ హీటరు ప్లగ్గు తీసి, తాళం తిప్పి, పొగ సర్దుకునేదాకా ఆగి, లైట్లు వేసుకుని బయల్దేరతాడట. గేరు మార్చే పని లేదు. కుడికాలి కింద హైడ్రోస్టాటిక్ పెడల్ ముందుకు నొక్కితే ముందుకు, వెనక్కి నొక్కితే వెనక్కి. ముందు బిగించిన స్నో బ్లోయర్‌లో అడ్డంగా తిరిగే మర మంచును మధ్యకు లాగుతుంది. వెనకున్న రెక్కల చక్రం దాన్ని గొట్టంలోంచి పది మీటర్ల అవతలికి విసురుతుంది. గాలి ఎటు వీస్తోందో చూసి గొట్టం తిప్పాలి. పొరపాటున గాలికి ఎదురు తిప్పితే అంతా మొహాన్నే. దారి మధ్యలోంచి మొదలుపెట్టి రెండు పక్కలకీ విడదీసుకుంటూ రావాలి. కంకర దారి కాబట్టి బ్లోయర్ అడుగున ఉన్న చెప్పుల్లాంటి పట్టీలు అంగుళం కిందికి దించి, మర నేలకు తగలకుండా చూసుకోవాలి. లేదంటే పొరుగింటి కిటికీలోకి కంకర దూసుకుపోతుంది.

"ఒక చాలు వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే గోడ కోసినట్టు అంచు కనిపిస్తుంది బావా. ఆఫీసులో నేను ఆరు నెలలు చేసిన పని నాకే కనిపించదు. ఇది ముప్పావుగంటలో కనిపిస్తుంది."

"మళ్లీ రాత్రికి పూడిపోతుంది."

"పూడనివ్వండి. మళ్లీ తోస్తా."

బావగారికి యంత్రం వివరాలు వింటుంటే ఊరుకోబుద్ధి కాలేదు. మంచు విసిరే బండి ఎవరికి తట్టిన ఆలోచనో అడిగారు. బావమరిది దగ్గర జవాబుంది. కెనడాలో మాంట్రియల్ దగ్గర పాడి రైతు ఇంట పుట్టిన ఆర్థర్ సికార్డ్, గోధుమ నూర్పిడి యంత్రం పనిచేసే తీరు చూసి ఆ ఆలోచన చేశాడని చెబుతారు. 1925లో బండి తయారైంది. 1927లో పక్కనున్న ఊట్రమాంట్ పట్టణం మొదటిది కొనుక్కుంది.

"అంటే కళ్లం నుంచి వచ్చిందేనన్నమాట" అన్నారు బావగారు కాస్త గర్వంగా, ఆ కళ్లం తమ ఊళ్లోదే అయినట్టు.

"అసలు మీకు నచ్చేది ఇంకోటుంది. మర రాయికో, గడ్డకట్టిన న్యూస్‌పేపర్ చుట్టకో తగిలి ఆగిపోయిందనుకోండి. ఇంజన్ ఒత్తిడంతా గేరుబాక్సు మీద పడి పళ్లు విరిగిపోవాలి. అలా జరక్కుండా మరకీ ఇరుసుకీ మధ్య షియర్ బోల్ట్ అని ఒకటి పెడతారు. అది కావాలనే మెత్తటి ఉక్కుతో చేస్తారు. అది తెగిపోయి గేరుబాక్సును కాపాడుతుంది. గట్టిది కదా అని వేరే బోల్టు వేశామా, కొంప కొల్లేరే."

బావగారు చాలాసేపు ఆలోచించారు. బోల్టు విరిగిందని కంపెనీవాళ్లు సరుకు తిప్పి పంపిన రోజులున్నాయి ఆయన జీవితంలో. విరగడమే ఉద్యోగమైన బోల్టు గురించి విని ముచ్చటపడ్డారు. అయినా వాదన వదల్లేదు.

"యంత్రం మంచిదే. దాన్ని తయారుచేసినవాడికి దండం. నా అభ్యంతరం నీ మీద. నీ బండి 25 హెచ్‌పీ దగ్గరే ఎందుకు ఆగింది? ముప్పై ఎందుకు కొనలేదు?"

బావమరిది నీళ్లు నమిలాడు. బావగారు విడమరిచారు. అమెరికాలో టియర్ 4 నిబంధనల ప్రకారం 19 కిలోవాట్లు, అంటే ఇంచుమించు పాతిక హెచ్‌పీ దాటిన డీజిల్ ఇంజన్ కిలోవాట్ అవరుకు 0.03 గ్రాములకు మించి మసి వదలకూడదు. ఆ గీత కింద ఉన్నవాటికి 0.40 దాకా అనుమతి. పదమూడు రెట్ల తేడా! గీత దాటితే చాలా బండ్ల పొగగొట్టానికి ఖరీదైన ఫిల్టరు పెట్టక తప్పడం లేదు. అందుకే కంపెనీలన్నీ గీతకు ఒక వెంట్రుక కిందుగా ఇంజన్లు దింపాయి. జనమూ అవే ఎగబడి కొన్నారు.

"ఇక్కడ మేం ఏం పీలుస్తున్నామో చూస్తున్నావుగా? పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ, ఎన్‌సీఆర్‌లలో తిరగరాదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు సరేనంది. బంగారంలాంటి కారు అగ్గువకు అమ్ముకున్నాను. నువ్వేమో ఫిల్టరు లేని డీజిల్ మీద కూర్చుని సరదా అంటున్నావు."

"తప్పించుకోను" అన్నాడు బావమరిది. "కానీ గీత కింద నక్కింది నేనొక్కణ్నేనా? మన దేశంలో 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకే కొత్త ట్రెమ్ 4 నిబంధన పెట్టారు. ఏటా మనం కొనే లక్షల ట్రాక్టర్లలో అత్యధికం ఆ గీత కింద ఉన్నవే. నా బండి సీజనంతా తాగే డీజిల్‌ను ఇక్కడి ట్రాక్టర్ దమ్ము సీజనులో రెండు మూడు రోజుల్లో తాగేస్తుంది."

"అది అన్నం పెడుతుంది."

"పెడుతుంది, ఒప్పుకుంటా. కరెంటు ట్రాక్టర్లూ వస్తున్నాయి. సోనాలికా 2020లోనే టైగర్ ఎలక్ట్రిక్ తెచ్చింది కదా. మా చలికి బ్యాటరీ శక్తి తగ్గిపోతుంది, అదొక్కటే బెంగ. అయినా డీజిల్ కూడా మా చలికి తట్టుకోదు. అందులోని మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది. చలికాలం కోసం వేరే డీజిల్ పోయించుకోవాలి."

"అది మాకూ తెలుసులే" అన్నారు బావగారు. "లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో శీతాకాలపు డీజిల్ తెచ్చింది. మైనస్ 33 దాకా పారుతుంది. ఎక్కడ చేశారనుకున్నావు? ఇక్కడి పానిపట్ రిఫైనరీలోనే."

గంటల లెక్క దగ్గర వాదన మళ్లీ వేడెక్కింది. యంత్రాన్ని పదిమందీ వాడుకోవాలి కానీ ఒక్కడి షెడ్డులో పడుకోబెట్టకూడదన్నది బావగారి పట్టు. ఉదాహరణ ఆయన కళ్ల ముందే ఉంది. హర్యానా, పంజాబ్ రైతులు వరి దుబ్బులు తగలబెట్టకుండా, వాటి మధ్యనే గోధుమ విత్తేందుకు హ్యాపీ సీడర్ అనే పరికరం ట్రాక్టర్‌కు తగిలిస్తారు. 2018లో కేంద్రం ఇలాంటి యంత్రాలకు రైతుకైతే సగం, సంఘాలకూ అద్దె కేంద్రాలకూ అయితే 80 శాతం రాయితీ ఇచ్చింది. "నలుగురూ కలిసి వాడుకొమ్మనే కదా ఎక్కువ ఇచ్చింది" అన్నారాయన.

"మరి పొగ తగ్గిందా పూర్తిగా? ఎందుకు తగ్గలేదు? వరి కోతకీ గోధుమ విత్తుకీ మధ్య ఉండేది రెండు మూడు వారాలు. అందరికీ అదే వారంలో కావాలి. అద్దె యంత్రం నా వంతుకొచ్చేసరికి అదును పోతుందని అగ్గిపుల్ల గీసేవాళ్లున్నారు. మిగతా పదకొండు నెలలూ హ్యాపీ సీడర్ కూడా షెడ్డులోనే పడుకుంటుంది బావా. అదును ఉన్న పనికి గంటల లెక్క పనికిరాదు. మంచు కూడా అంతే."

బావగారు ఈ దెబ్బకు కొంచెం తగ్గారు. వెంటనే ఇంకో దారిలో వచ్చారు.

"లడఖ్ దారిలోని జోజీ లా సంగతి విన్నావా? పదకొండున్నర వేల అడుగులకు పైన. ఒకప్పుడు ఏడాదిలో దాదాపు ఆరు నెలలు మూతపడే కనుమ. 2025లో 32 రోజులకే, ఏప్రిల్ 1న తెరిచారు. బోర్డర్ రోడ్స్ వాళ్లు సోనామార్గ్ వైపు నుంచి ఒక దండు, ద్రాస్ వైపు నుంచి ఒక దండు తోసుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకుంటారు. పైన హిమపాతం విరిగిపడే కొండ, పక్కన లోయ. ఆ స్నో కట్టర్ మీద కూర్చున్న కుర్రాణ్ని అడుగు, సరదాగా ఉందా అని."

"సరదా అనడు. కానీ దారి తెరుచుకుని మొదటి బండి దాటినప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో చూడాలనుంది నాకు."

"గర్వం ఉంటుంది. గర్వం వేరు, సరదా వేరు. అతను మానేస్తానంటే కుదరదు. నువ్వు మానెయ్యచ్చు. మానెయ్యగలిగినవాడికే పని సరదా. మన ఊరి ట్రాక్టర్ డ్రైవర్ని చూడు. బండి వాడిది కాదు, పొలం వాడిది కాదు. రాత్రింబవళ్లు దమ్ము చక్రాలతో బురదలో తిరుగుతాడు. ఎకరానికింత. ఓనరేమో గట్టు మీద గొడుగేసుకుని కూర్చుంటాడు, సీటెక్కడు. ఇద్దరిలో ఎవరికుంది సరదా? నీకెందుకు ఉందంటే, బండీ నీదే, వాకిలీ నీదే, నడిపేదీ నువ్వే. మంచు తీసేసి ఆ మూడూ కలిపి ఏ పనికి పెట్టినా నీకు సరదాగానే ఉంటుంది."

బావమరిది కాదనలేదు. "అయితే తప్పు సరదాది కాదు కదా! ఆ డ్రైవరుకి బండి సొంతమైతే వాడికీ వస్తుంది. చిన్న ట్రాక్టర్లు అందుకే కావాలంటాను. మన జహీరాబాద్‌లో మహీంద్రా వాళ్లు ఓజా అని తేలికపాటి ట్రాక్టర్లు చేస్తున్నారు. 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో విడుదల చేశారు. ఇక్కడ ద్రాక్షతోటల్లో, కూరగాయల మళ్లలో తిరగడానికి 20 నుంచి 40 హెచ్‌పీ దాకా ఉన్నాయి. అదే వరుస బండ్లు అమెరికాలోనూ అమ్ముతున్నారు. తెలంగాణ కుర్రాడు బిగించిన బండి మా పక్క ఊళ్లో మంచు తోస్తుంటే మీకు సంతోషం కాదా?"

"బిగించినవాడికి జీతం వస్తే సంతోషమే. సరదా తోసేవాడికి, చమట బిగించినవాడికి. నా మాట నేను మార్చుకోను."

కాఫీ గ్లాసులతో పైకొచ్చిన అక్క ఈ మాటలు వింది. ఒక శీతాకాలంలో కొన్నాళ్లు తమ్ముడింట్లో ఉండివచ్చిన మనిషి. ఆమె ప్రశ్న ఇద్దరూ ఎదురుచూడనిది.

"ఒరేయ్ తమ్ముడూ, ట్రాక్టర్ దారంతా తోస్తుంది సరే. గుమ్మం ముందు మెట్లు, పోస్టు డబ్బా చుట్టూ, చెత్తబుట్టల దగ్గర, కారు మీద, వీటి మీది మంచు తీసేది ఎవర్రా? నేనున్న నాలుగు వారాలూ మరదలు పార పట్టుకుని మెట్లు గీకుతుంటే, నువ్వు లైట్లేసుకుని అటూ ఇటూ ఊరేగుతున్నావు."

బావగారికి చాలా ఏళ్ల తర్వాత ఇల్లాలి సాయం దొరికినట్టయింది. తొడ చరిచారు. బావమరిది మెట్ల దగ్గరికి ట్రాక్టర్ వెళ్లదని, వెళ్తే మెట్లే ఉండవని చెప్పుకున్నాడు. ఆమె వినలేదు.

"వెళ్లదని నాకూ తెలుసు. సీటు మీద ఆమెని కూర్చోబెట్టి నువ్వు మెట్లు గీకచ్చు కదా అంటున్నాను."

"అడిగానక్కా. ఇంజన్ చప్పుడు పడదంటుంది."

"ఒకసారి అడిగావా, రోజూ అడిగావా?"

దీనికి జవాబు రాలేదు. సంభాషణను ఒడ్డున పడెయ్యడానికి బావమరిది ఎదురింటి పెద్దాయన ప్రస్తావన తెచ్చాడు. ఎనభై దాటిన ఒంటరి మనిషి. తన దారి అయిపోగానే ట్రాక్టర్‌ను రోడ్డు దాటించి ఆయన వాకిలి కూడా తోసి వస్తాడట. ఇంకో పావుగంట పని. కాబట్టి బండి ఒక్కడికే ఉపయోగపడుతోందన్న బావగారి మాట నిలవదు.

"ఎంత తీసుకుంటావు?" బావగారు ముందుకు వంగారు.

"ఏమీ తీసుకోను."

"డీజిల్ డబ్బులు?"

"వద్దన్నాను. బండి దిగేసరికి యాపిల్ పై చేసి గుమ్మంలో పెడతాడు. అది తెచ్చుకుంటాను."

"అదుగో, కిరాయి!" అన్నారు బావగారు. "ఇందాకటి నుంచి సరదా సరదా అని నా ప్రాణం తీశావు. పావుగంటకు ఒక పై. సీజనుకు ఎన్నిసార్లు తోస్తావో చెప్పు, కాగితం తెస్తాను."

"అది కిరాయి కాదు బావా, మర్యాద."

"మన ఊళ్లో పక్కింటాయన పొలం దున్నిపెడితే సంచి ధాన్యం ఇచ్చేవాడు, దాన్నేమంటావు? పెన్ను కూడా తే" అని ఆయన భార్యను కేకేశారు. "ఒసేయ్, ఆ పైలో సగం నీ మరదలికి రాయాలి, మెట్లు గీకినందుకు."